ఓపెన్ హౌస్‌కి మన శ్రీకాంత్ వచ్చాడు

ఏమండీ,

అమ్మకానికి పెట్టిన మనింటికి ఆదివారం ఓపెన్ హౌస్ పెట్టారు, ఎవరైనా వచ్చి చూసుకోవచ్చని. దానికి కొనేవాళ్ళు రారు, ఊరికే చూసిపోయేవాళ్ళే వస్తారని మీరు అనేవారు. నేనూ అదే చెప్పా, ఏజెంట్ వినలేదు. ఇంటివాళ్ళు ఉండకూడదంటే రోడ్డవతల కార్లో కూర్చున్నా.

మన శ్రీకాంత్ వచ్చాడు. స్టూడెంట్‌గా కెనడాకి, మన కిచెనర్ ఊరికి వచ్చి రూమ్ దొరక్క ఏడుస్తుంటే, మీరు తెచ్చి మన బేస్‌మెంట్‌లో ఉంచుకున్న పిల్లాడు. ఇప్పుడు వాడికి రెండిళ్ళు. మొన్న మీ సంవత్సరీకానికి పిలిస్తే "పనుంది వదినా" అన్నాడు. పోన్లే, ఇల్లు ఆఖరిసారి చూసుకోడానికొచ్చాడనుకున్నా. పిచ్చిదాన్ని, కళ్ళు కూడా తుడుచుకున్నా.

సాయంత్రం ఏజెంట్ ఫోన్ చేశాడు. శ్రీకాంత్ కొంటాడట. బేస్‌మెంట్ నిండా స్టూడెంట్స్‌కి మంచాలు వేసి అద్దెకిస్తాడట. "కానీ ఈ ఇంట్లో మనిషి పోయాడు, రేటు తగ్గించమంటున్నాడు. నిజమేనా అండీ?" అన్నాడు.

నిజమేనన్నా. ఆ రోజు మీ తల ఒళ్ళో పెట్టుకుని నోట్లో నీళ్ళు పోసింది వాడేనని మాత్రం చెప్పలేదు.