నానో గెలిచిన రోజు

రమేశన్నా,

నువ్వు పోయి ఏడాదైంది. మన హన్మకొండ ఆఫీసులో కొత్త సర్వర్ పెట్టారు. అందులో కోడ్ రాసుకునే నీ విమ్ ఎడిటర్ పీకేయించి, దానికన్నా సులువైన నానో ఎడిటర్ పెట్టించింది నేనే. "నానో వాడేటోడు గూడ ప్రోగ్రామరేనారా? జర సిగ్గుండాలె" అని అందరి ముందూ నవ్వేవాడివిగా, చూడు మరి.

ఆ సంబరంలోనే ఒక ఫైలు సరిచేశాను. ప్రోగ్రాం నడవలేదు. కొత్తగా చేరిన స్వప్న నా స్క్రీన్ చూసి, "సార్, ఫైల్ చివర్ల ఈ :wq ఎవరు కొట్టిన్రు?" అంది.

విమ్‌లో అది కొడితే ఫైలు సేవ్ అయి మూసుకుంటుంది. నానోలో కొడితే ఊరికే ఫైల్లో పడి ఉంటుంది.

తిట్టి తిట్టి విమ్ నేర్పావు. పోయినవాడివి పోకుండా ఇంకా నా వేళ్ల మీదే కూచున్నావేం? దిగన్నా, దిగు.