లేహ్‌లో ఒక్క రాత్రి చాలు

కున్‌జెస్ అక్కకి,

జూలే, దణ్ణం. నీ మెసేజ్ నిన్ననే చూశా. సిగ్నల్ కావాలంటే గుట్ట ఎక్కాలి కదా, మేకల్ని వదిలేసి ఎక్కితే నాన్న తిడతాడు. ఫోన్ చేసి మాట్లాడరా అంటావు గానీ నావల్ల కాదు, నీకు తెలుసు. నోరు తెరిస్తే మాట గొంతులోనే ఉండిపోద్ది. రాస్తే పర్లేదు. మూడో క్లాసు చదువు, తప్పులుంటే నువ్వే సరిచేసుకో.

నువ్వు వస్తున్నావని చెప్తే అమ్మ పాలు పితకడం వదిలేసి పరిగెత్తుకొచ్చింది. "మూడేళ్లయిందిరా నా పిల్లని చూసి" అంది. నీతో సౌగత్ కూడా వస్తున్నాడని, పెళ్లి మాట మాట్లాడ్డానికేనని చెప్పా. "బెంగాలీ అబ్బాయి మన ఉప్పు టీ తాగుతాడా?" అంది. "తాగకపోతే పోతాడు, మనకేంటి" అన్నా. నెత్తి మీద ఒక్కటిచ్చింది.

అక్కా, ఒక మాట అడుగుతా. కొంగల గూడు సంగతి అతనికెందుకు చెప్పావు? సరస్సు అవతల, బురద దాటాక, ఆ గడ్డి దిబ్బ మీద నల్లమెడ కొంగలు గూడు పెడతాయని మనిద్దరికే తెలుసు. నాన్నకి కూడా చెప్పలేదు. కెమెరా కొనుక్కుని వస్తా, మనిద్దరం వెళ్దాం, గుడ్డులోంచి పిల్ల బయటికొచ్చేటప్పుడు ఫొటో తీద్దాం అన్నావు. మూడేళ్లు ప్రతి జూన్‌లో నేనొక్కణ్ణే వెళ్లి చూసొచ్చి నీకు చెప్పా. రెండు గుడ్లు అని, ఒకటే అని, నక్క తినేసిందని. ఇప్పుడు నువ్వు రాసిందేంటి? "సౌగత్‌కి ఆ గూడు ఫొటో తియ్యాలని పిచ్చి, ప్లాన్ అంతా నువ్వే వెయ్యి తమ్ముడూ." పెళ్లిళ్లకి ఫొటోలు తీసేవాడికి కొంగలెందుకు? వాటికి దండలు మార్పిస్తాడా?

నువ్వు పంపిన ఫొటో చూశా. నీ భుజం మీద చెయ్యేసి నిలబడ్డాడు. పళ్లు బాగా తెల్లగా ఉన్నాయి. సరే, ప్లాన్ వేస్తా.

నీ తమ్ముడు
ముతుప్


అక్కా,

ప్లాన్ అయిపోయింది. గ్యాల్సన్ అన్న జీపు మాట్లాడా. మంగళవారం పొద్దున మీ విమానం లేహ్‌లో దిగుద్ది. ఆ రాత్రి అక్కడ పడుకోండి. బుధవారం పొద్దున్నే బయల్దేరి చుమథంగ్‌లో వేడి నీళ్ల ఊట దగ్గర తుక్పా తినండి. సాయంత్రానికి కొర్జోక్‌లో మన గుడారం దగ్గరుంటారు. గురువారం తెల్లారగానే గూడు. ఎండెక్కితే నేల మీంచి వేడి లేచి ఫొటో వణికినట్టు వస్తుందని కిందటేడు వచ్చినవాళ్లు అనుకుంటుంటే విన్నా. గూటికి మూడొందల అడుగుల అవతలే ఆగిపోవాలి, పెద్ద కెమెరా తెమ్మను. ఎర్ర జాకెట్ వద్దను. బ్యాటరీలు చొక్కా లోపల పెట్టుకుని పడుకోవాలి, చలికి చచ్చిపోతాయి.

అమ్మ మాత్రం ఒకటే గోల. "కిందనుంచి వచ్చేవాళ్లని లేహ్‌లో మూడు రోజులన్నా ఆపరా. లేకపోతే ఈ ఎత్తులో గాలి చాలక తలనొప్పి, వాంతులు, ఊపిరితిత్తుల్లో నీళ్లు. పోయినవాళ్లు కూడా ఉన్నారు" అంటుంది. నువ్వు పట్టించుకోకు. అవి హోటళ్లవాళ్లు గదులు నింపుకోవడానికి చెప్పే మాటలు. నువ్వు హోటల్లోనే చేస్తావుగా, నీకు తెలీదా. పైగా మూడు రోజులు ఆగితే గుడ్డు పగిలిపోద్ది, ఫొటో పోద్ది. లేహ్‌లో ఒక్క రాత్రి చాలు.

నిన్న వీడియో కాల్‌లో అతనికి ఫోన్ ఇచ్చావు. "ఏం బావమరిదీ, నాకు కొంగల్ని చూపిస్తావా?" అన్నాడు హిందీలో. నేనేం మాట్లాడలేదు. "అబ్బో, సిగ్గే!" అని నవ్వాడు. నువ్వు కూడా నవ్వావు. ఇంతకుముందు ఎవరన్నా నన్ను చూసి నవ్వితే నువ్వు రాయి తీసేదానివి.

ముతుప్


అక్కా, మా అక్కా,

నువ్విది ఇప్పుడు చదవలేవని తెలుసు. జీపు లేహ్ ఆసుపత్రికి బయల్దేరి గంటయింది. వెనక సీట్లో నువ్వు, నీ తల అమ్మ ఒళ్లో, ముందు సౌగత్ ఆక్సిజన్ సిలిండర్ పట్టుకుని. నాకు చోటు లేదన్నారు. గుట్ట మీద కూర్చుని రాస్తున్నా.

నిన్న దిగగానే నన్ను పట్టుకుని "ఎంత పొడుగయ్యావురా" అని ఏడ్చావు. నేను నిన్ను సరిగ్గా చూడలేదు అక్కా. అతన్ని చూస్తున్నా. ఎప్పుడు తల పట్టుకుంటాడా, ఎప్పుడు కక్కుకుంటాడా అని. అతను ఉప్పు టీ మూడు గిన్నెలు తాగి నాలుగోది అడిగాడు. అమ్మ మురిసిపోయింది. నువ్వు ఏమీ తినలేదు, దారి కుదుపులకి తల నొప్పిగా ఉందన్నావు. పొద్దున గూటి దగ్గరికి వెళ్దాం పద అని లేచి, పక్కకి పక్కకి నడిచావు, తాగినవాళ్లలాగా. నన్ను నాన్న పేరుతో పిలిచావు. పెదాలు నీలంగా ఉన్నాయి.

సైన్యం వాళ్ల క్యాంపు నుంచి కాంపౌండరు సిలిండర్ తెచ్చాడు. "లేహ్‌లో ఎన్నాళ్లున్నారు?" అన్నాడు. "ఒక్క రాత్రి" అన్నాడు సౌగత్. "ఎవడు చెప్పాడు మీకు అలా రమ్మని?" నేను అమ్మ వెనక్కి జరిగా. నాన్న "అది ఇక్కడే పుట్టింది బాబూ, దానికెలా అవుద్ది?" అన్నాడు. "ఇక్కడ పుడితే? మూడేళ్లు కింద ఉన్నాక కొండకి అందరూ ఒకటే" అన్నాడాయన.

నిన్ను ఎక్కించేటప్పుడు గ్యాల్సన్ అన్న నా చెవిలో అన్నాడు. "ఇంకో రెండు రోజులు ఆగమ్మా అని లేహ్‌లోనే చెప్పాన్రా. 'మా తమ్ముడు వేసిన ప్లాన్ అన్నా, వాడికి తెలీదా' అంది."

తెలుసక్కా. తెలిసే వేశా. అతను వాంతులు చేసుకుని మర్నాడే కిందికి దిగిపోతే గూటి దగ్గరికి మనిద్దరమే వెళ్తాం అనుకున్నా. అంతే, అంతకంటే ముందుకి ఆలోచించలేదు. కాదు, ఇది కూడా అబద్ధం. పోయినవాళ్లు ఉన్నారని అమ్మ అంటే విన్నా కదా. విని కూడా ఒక్క రాత్రి చాలని రాశా. నీకేమన్నా అవుద్దని మాత్రం ఒక్కసారి కూడా తట్టలేదు. నువ్వు మనదానివి, నీ ఊపిరి ఇక్కడిదే అనుకున్నా.

అతను నిన్ను వీపు మీద వేసుకుని జీపు దాకా పరిగెత్తాడు. రొప్పుతూ, రెండుసార్లు మోకాళ్ల మీద పడి, నిన్ను మాత్రం కింద పడనివ్వలేదు. అప్పుడు కూడా అక్కా, అప్పుడు కూడా నాకు కుళ్లే. నేను కదా మొయ్యాల్సింది అని.

బతుకక్కా. లేచి నన్ను తిట్టు.

ముతుప్


అక్కకి,

నిన్న ఫోన్లో నీ గొంతు విన్నాక ఇవాళ మేకల్ని సరిగ్గా లెక్కపెట్టగలిగా. ఈ నాలుగు రోజులూ ఎన్నిసార్లు లెక్కపెట్టినా తప్పే వచ్చింది.

నా మెసేజ్ అక్కడికి ఎలా చేరిందో అమ్మ చెప్పింది. నీ ఫోన్ సౌగత్ దగ్గరుందట. అతనికి మన భాష రాదు, ఏమన్నా అవసరమేమో అని నర్సుని చదవమన్నాడట. ఆవిడ గట్టిగా మొదలుపెట్టి, మధ్యలో ఆగిపోయి, మళ్లీ మెల్లగా చివరిదాకా చదివి అతనికి హిందీలో చెప్పిందట. వార్డు మొత్తం విన్నది. అమ్మ కూడా. ఇది చెప్పి అమ్మ "మేకలెలా ఉన్నాయి?" అంది. నేను తిన్నానా అని అడగలేదు.

నువ్వు "బతికే ఉన్నాలే" అంటే నాకు ఏడుపొచ్చేసింది. "నీకవుద్దనుకోలేదక్కా" అన్నా. "అతనికైతే పర్లేదా? చంపబోయింది నన్ను కాదు కాబట్టి ఊరుకోమంటావా?" అన్నావు. నువ్వు ఫోన్ పెట్టెయ్యలేదు. నీ ఊపిరి వినపడుతూ ఉంది. తర్వాత అతనికిచ్చావు.

"నాకైతే నవ్వుకునేవాడివి కదూ?" అన్నాడు.

"అవును" అన్నా. అతనితో నేను మాట్లాడిన మొదటి మాట అదే.

తర్వాత "గుడ్డు పగిలిందా?" అన్నాడు.

"తెలీదు. వెళ్లలేదు."

"ఎందుకు?"

"ఒక్కణ్ణే వెళ్లబుద్ధి కాలేదు."

"నాకు కోపం తగ్గలేదు" అన్నాడు. "తగ్గాక నేనే చెప్తా." సరే అన్నా.

డాక్టర్ ఈ ఏడు నిన్ను మళ్లీ పైకి రావద్దన్నాడని విన్నా. అందుకని వచ్చే జూన్‌కి ప్లాన్ వేశా. లేహ్‌లో నాలుగు రోజులు, మొదటి రెండు రోజులు గది దాటకూడదు. చుమథంగ్‌లో ఒక రాత్రి. ఇక్కడికొచ్చాక రెండు రోజులు కూర్చోవడమే, ఆ తర్వాతే గూడు. ఎక్కడ తల నొప్పి పుట్టినా అక్కణ్ణుంచే వెనక్కి, గుడ్డు పగిలితే పగలనీ. నేను ముందే లేహ్ దిగొచ్చి మీతోనే ఉంటా. మీరు రమ్మంటేనే.

ఇది అతనికి చదివి వినిపించు. నర్సు చేత కాదు, నువ్వే, ఒక్క మాట వదలకుండా. ఎన్ని రోజులు కలపమంటే అన్ని కలుపు, అసలు వద్దంటే చెరిపెయ్యి. కుళ్లు పోయిందని రాయనక్కా, పోలేదు. ఇకమీద ప్లాన్‌లో దాచను, అంతే. జీపులో నీ పక్కన నేను కూర్చుంటా. అదొక్కటీ మార్చొద్దను.

నీ
ముతుప్