ఆరుద్ర పురుగు ముందే వచ్చిన ఏడు

మే 24, 2023

రాయొద్దనే అనుకున్న. డెబ్బై దాటినంక డైరీ ఎవని కోసం? కానీ పొద్దుగాల మా తమ్ముని భార్య అండాలు ఉరుక్కుంట వచ్చింది. బావా, పురుగు వచ్చింది అన్నది. నిన్నటి గాలివానకు మా ఎర్రమట్టి చేను, చెల్కల ఆరుద్ర పురుగులు తేలినయట. మఖ్మల్ గుడ్డ ముక్కలకు కాళ్లు మొలిచినట్టు, ఎర్రగ. మా దిక్కు ఆ పురుగు కనవడితెనే విత్తనం పెడతరు. ఆరుద్ర కార్తె ఇంకా నెల దూరముంది, ఆగుమన్న. వాన సంగతి పురుగుకు తెలుస్తదా, నీ క్యాలెండర్‌కు తెలుస్తదా అని నన్నే అడిగింది.

మే 25

ఆగలే. పెట్టింది.

దుకాణం విత్తనమైతె నాకు ఫికర్ లేకుండె. ఇవి నల్ల కందులు. వాళ్ల అవ్వ ఇచ్చిన గింజలు. ఏటేటా పండిచ్చి, బూడిదల కలిపి, ఎండిన ఆనిగెపుకాయ బుర్రల దాస్తది. ఊర్లె ఇంకెవరి కాడ లేవు. మోత్కూర్ అంగట్ల గూడ దొరకయ్. అంగడంటే యాదికొచ్చింది, నేను చదువు నేర్చింది ఆడనే, మిర్చి బజ్జీలు కట్టిచ్చిన పేపర్ల మీద. సగం వార్త నూనెల మునిగేది. అందుకే నాకు లోకం సంగతి సగమే తెలుసు.

మొత్తం పెట్టినవా అని అడిగిన. సగం బుర్రల ఉంచినన్నది. జర పాణం కుదుటవడ్డది.

మే 30

మళ్ల చినుకు లేదు. పురుగులు ఎండి వట్టి తోలయినయ్.

జూన్ 8

మృగశిర. చేపలు తిన్నం, చెమటల తడిసినం.

జూన్ 17

మొలకలు మాడినయ్. అండాలు బిందెలతోని నీళ్లు మోసింది. గా ఎండకు బిందె ఏం ఆనుతది?

టీవీల ఒక సారు చెప్పిండు. వేడి పెరిగి పిట్టలు, పురుగులు టైం తప్పుతున్నయట, సల్లటి జాగలకు పోతున్నయట. సారు ఏసీల కూసుండి చెప్పిండు. మా పురుగు గంత చిన్న కాళ్లతోని ఏడికి పోవాలె?

జులై 6

రెండు రోజుల నుంచి మంచి ముసురు. చెల్కంత దేవులాడినం. ఒక్క పురుగు లేదు.

పురుగు లేంది పెట్టనంటది అండాలు. ఒకసారి మోసం జేసింది సాలదా అన్న. అది మోసం జెయ్యలే బావా, దాన్నే మబ్బు మోసం జేసిందన్నది.  

జులై 10

టెన్షన్. బుర్రల గింజలకు పుచ్చు మొదలైంది. ఇంకో ఏడు ఆగయ్. అదునేమో పోతాంది.

అబద్ధం చెప్పిన. ఒర్రె నీళ్ల కాడ చూసిన, ఒక్కటే ఉండె, ఎర్రగ అన్న.

 ఎదురంగ వచ్చే బస్సు కనవడదు, నీకు పురుగు కనవడ్డదా బావా అన్నది అండాలు. లోపలికి పోయి, కొక్కానికున్న బుర్ర దించింది.

జులై 11

మిగిలిన కందులన్ని పెట్టింది. బుర్రల బూడిద కడిగి, దడి మీద బోర్లిచ్చింది.