జావలో ఉప్పు వేశాను

అత్తయ్యా,

మీ రక్తపరీక్ష రిపోర్టు కోసం గూడూరు వెళ్తున్నాను. రాగిజావ ఫ్లాస్కులో ఉంది. డాక్టరు చెప్పినంత ఉప్పు వేశాను, చప్పగా ఉండదు. బాత్రూముకు ఒక్కరే వెళ్ళకండి, పక్కింటి వనజాక్షిని పిలవండి. కళ్ళజోడు బైబిల్లోనే ఉంది.

మీ బీపీకి మంచిదని ఏదో వీడియో చూసి, ఎవరినీ అడక్కుండా మూడు నెలలు మీకు ఉప్పు మాన్పించాను. ఎండుచేపలు కూడా ఇంట్లోకి రానివ్వలేదు. "రవ్వంత ఉప్పెయ్యమ్మే, ముద్ద దిగడంలా" అని మీరు అడిగినప్పుడల్లా, "తినేది నోటికోసమా, ఒంటికోసమా?" అని పాఠం చెప్పాను. కళ్ళు తిరుగుతున్నాయంటే అలవాటవుతుందిలే అన్నాను. ఒంట్లో ఉప్పు మరీ తగ్గబట్టే మీరు పడిపోయారని డాక్టరు చెప్పినప్పుడు మీ అబ్బాయి నా వైపు చూడలేదు. మీరేమో ఇప్పటికీ నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

మూడింటికల్లా వస్తాను.

మెర్లిన్

ఇంకొకటి. మీరు దిండు గలీబులో దాచుకున్న ఉప్పు పొట్లం కోసం వెతుకుతుంటే ఎలుక లాక్కుపోయి ఉంటుందన్నాను. పారేసింది నేనే.