తప్పని వాయిదాలు

అన్నయ్యకు,

ఇంటి లోను మంజూరైంది. సంతోషంగా రాయాల్సిన ఉత్తరమే గానీ, రెండుసార్లు మొదలుపెట్టి చింపేశాను.

మీ బావ పోయాక ఆయన కుట్టుమిషన్ల లోను పద్నాలుగు నెలలుగా నేను కట్టలేదు. ఇద్దరం సంతకాలు పెట్టిన లోను కదా, బ్యాంకువాళ్ళు నా పాత అప్పుల రికార్డు తియ్యగానే ఆ మచ్చ బయటపడుతుందని, కాదంటారని మనసు రాయి చేసుకునే వెళ్ళాను.

మేనేజరు కంప్యూటరులో చూసి, "మీ క్రెడిట్ స్కోరు భేషుగ్గా ఉందమ్మా. ఒక్క వాయిదా కూడా తప్పలేదు," అన్నాడు.

పొరపాటేమోనని కింద కౌంటర్లో ఉన్న అమ్మాయిని అడిగాను.

"పొరపాటెందుకవుతుందండీ? ప్రతినెలా అయిదో తారీకున మీ ఆయనే వచ్చి కడుతున్నారుగా. మెళ్ళో కొలతల టేపు వేసుకునే వస్తారు. మొన్నయితే, మా ఆవిడకి ఇంటి లోను వస్తుందా అని కూడా అడిగారు," అంది. రసీదులు చూపించింది. అన్నిటిమీదా ఆయన సంతకమే.

మరణ పత్రం నా సంచిలోనే ఉంది. బయటికి తియ్యలేకపోయాను. మేనేజరు చూపించిన చోటల్లా సంతకం పెట్టి వచ్చేశాను.

అన్నయ్యా, నేను కట్టడం లేదన్న సంగతి నీకొక్కడికే తెలుసు. కట్టింది నువ్వేనా? నువ్వు ఆయనకంటే జానెడు పొడుగు, పైగా బట్టతల. ఆ పిల్ల అంతలా పొరబడుతుందా?

వచ్చే అయిదో తారీకున పొద్దున్నే వెళ్ళి ఆ కౌంటరు ముందు కూర్చుంటాను. నువ్వే అయితే ఈలోగా ఒక్క ముక్క రాయి, వెళ్ళను. నువ్వు కాకపోతే మాత్రం జవాబు రాయకు.

నీ చెల్లెలు