మళ్ళీ కుదిరిన చేయి

బావగారికి,

ఈ ఉత్తరం నేనే రాస్తున్నాను. పోయిన రెండూ మీ చెల్లెలు రాసిపెట్టింది. వాటిలో నాకు పని ఎక్కువగా ఉందన్నది అబద్ధం. నిజానికి పనే మానేశాను. కుంచె పట్టుకుంటే చేయి వణికేది, నిచ్చెనెక్కితే పిక్కలు పట్టేసేవి. బట్టల దుకాణం బోర్డు చూసి యజమాని, "ఇదేంటండీ, అక్షరాలు పాముల్లా పాకుతున్నాయి?" అన్నాడు. ముప్పై ఏళ్ళుగా బోర్డులు రాస్తున్నవాణ్ణి, ఆ రోజే కుంచెలు అటకెక్కించేశాను. నరాల జబ్బేమోనన్న భయంతో ఎవరికీ చెప్పలేదు.

మీ చెల్లెలు ఊరుకుంటుందా? డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్ళింది. ఆవిడ రక్తపరీక్ష చూసి, "మెగ్నీషియం బాగా పడిపోయింది. కడుపుమంట మాత్రలు ఏమైనా వేసుకుంటున్నారా?" అంది.

"ఆరేళ్ళుగా, రోజూ."

"ఏళ్ళ తరబడి వాడితే కొందరికి ఇలా అవుతుంది. ఎవరు వాడమన్నారు?"

"మా బావగారండి."

"ఆయన డాక్టరా?"

"కాదండి, టైర్ల కొట్టు."

ఆవిడ నవ్వు ఆపుకోలేకపోయింది. ఆ మాత్ర మార్చి, మెగ్నీషియం ఇచ్చింది. నెల తిరక్కుండా వణుకు మాయం! నిన్న ఒక బడి గోడ మీద నిలువెత్తు అక్షరాలు రాశాను. దారినపోయే ఒకామె అవి ఉబ్బెత్తు అక్షరాలనుకుని తడిమి చూడబోయి వేలికి రంగు అంటించుకుంది. ఎంత సంబరపడ్డానో!

మెట్లెక్కుతుంటే మీకూ పిక్కలు పట్టేస్తున్నాయని అక్కయ్య చెప్పింది. మీరూ అవే మాత్రలు మింగుతున్నారు కదా! మీ అంతట మీరు ఆపెయ్యకుండా వెంటనే డాక్టరుకు చూపించుకోండి. వెళ్ళకపోతే మేమే వచ్చి మోసుకెళ్తాం. మీ చెల్లెలు అప్పుడే సంచీ సర్దేసింది.

మీ బోర్డుల బావ