ఇంజన్ గదిలో వనపర్తి మనిషి

18 జూన్ 2006, ఆదివారం. గద్వాల.

ప్రకటన! గద్వాల పట్టణంలోని యావన్మంది స్త్రీ పురుషులకు, కుక్కలకు, కోళ్లకు తెలియజేయునది ఏమనగా — రేపటి నుంచి నెల రోజులు మా వీధిలో ఎవరి చెప్పులూ మారిపోవు. ఎవరి మేకా కొమ్ములకు జరీ కట్టుకుని తిరగదు. ఎవరి గడియారమూ గంట ముందుకు పోదు. కారణం: నర్సప్ప, అనగా నేను, ఊళ్లో ఉండడు. సుఖపడండి.

నా భార్య సుశీల సంచులు కడుతోంది. వాము, శొంఠి, వెల్లుల్లి, బెల్లం. పసిబిడ్డకు మెత్తగా ఉంటాయని తన పాత నూలు చీరలు నాలుగు. తొలి కాన్పు పుట్టింట్లో జరగాలి కదా — మా బిడ్డ రాధను ఓడ ఎక్కొద్దంది అక్కడి డాక్టరమ్మ. అందుకని సుశీల పుట్టింటినే మూటగట్టుకుని అండమాన్‌కు పోతోంది. నేను మూట మోసేవాణ్ని.

మగ్గం మీద చీర సగంలో ఉంది. ఉండనీ.

20 జూన్, మంగళవారం. మద్రాసు.

ఓడను చూశాం. పాతకాలపుది. తెల్లరంగు మీద తెల్లరంగు పూసీ పూసీ దొడ్డుగా అయింది. ఇత్తడి కడ్డీలు, చెక్క మెట్లు, గుండ్రటి కిటికీలు... రాజావారి బంగ్లాను నీళ్లలోకి తోసినట్టుంది.

సుశీల బంగ్లాను చూడడం లేదు. ఓడకూ గట్టుకూ మధ్య సందులో నల్లటి నీళ్లను చూస్తోంది.

"రాధ నాయినా, గింత ఇనుము ఎట్ల తేలుతది?"

"తేలుతదే. పెద్ద పుట్టి అనుకో."

అనకూడని మాట. మొహం మాడ్చుకుంది. పెళ్లయిన కొత్తలో, రాజోలి దగ్గర పుట్టిలో తుంగభద్ర దాటుతుంటే, నడిమధ్యన "బొక్క పడ్డది, బొక్క పడ్డది!" అని అరిచాను. నెల రోజులు మాట్లాడలేదు. నీళ్ల మీద నా మాట నమ్మనని అప్పుడే ఒట్టు పెట్టుకుంది. ఇరవై నాలుగేళ్లయింది. ఒట్టు చెక్కుచెదరలేదు.

21 జూన్, బుధవారం. ఓడ.

కదిలింది. పక్క పడకల్లో నాగర్‌కర్నూల్ మేస్త్రీలు, కట్టుబడి పనికి పోతున్నారు. వాళ్లలో పెద్దాయన బాలకిష్టయ్య. పడుకున్నప్పుడు ఆయన తలగుడ్డకు దుప్పటి ముడేశాను. లేచాడు — దుప్పటీ లేచింది.

సుశీల నవ్వింది. నవ్వింది! ఇవాళ్టికి చాలు.

22 జూన్, గురువారం.

సముద్రం లేచింది. ఓడ ముక్కు ఎత్తి, కాసేపు ఆలోచించి, ధబ్బున దించుతుంది. చెంబు దొర్లిపోతుంది, మళ్లీ తనే వస్తుంది.

సుశీలకు పొద్దున్నుంచీ వాంతులు. గుక్కెడు నీళ్లు తాగదు.

"జర తాగవే."

"తాగి ఏం జెయ్యాలె? మునిగే ఓడల తాగితేంది, తాగకుంటేంది?"

"మునగదే."

"నువ్వు జెప్తె నమ్మాల్నా?"

ఓడ డాక్టరు వచ్చి చూశాడు. కొంచెం కొంచెంగానైనా నీళ్లు లోపలికి పోకపోతే పానం మీదికొస్తుందన్నాడు, హిందీలో. నేను తెలుగులో చెబితే గోడ వైపు తిరిగింది. దిగగానే కాన్పు చూసుకోవాల్సిన మనిషి. రాధకు అక్కడ అత్త కూడా లేదు.

నిజం కూడా నా నోట్లోనుంచి బయటికొచ్చేసరికి అబద్ధం వాసన కొడుతుంది...

22, సాయంత్రం.

శుభవార్త. ఇంజన్ గది మెట్ల దగ్గర మన జిల్లా మనోడు దొరికాడు! వెంకటయ్య. వనపర్తి. అక్కడి రాజావారి బంగ్లా వెనక గల్లీ. ముప్పయ్యేళ్లుగా ఓడల్లోనే. మోచేతుల దాకా నూనె, నెరిసిన గడ్డం. సుశీల సంగతి చెప్పాను. "ఊగే ఓడ మునగది బావా. బిర్రుగ నిలబడ్డదే ఇరుగుతది. చెల్లెను ఉప్పు చక్కెర నీళ్లు తాగమను, జరంత జరంత" అన్నాడు.

పోయి సుశీలకు అప్పజెప్పాను. ఇటు తిరిగింది.

"వనపర్తాయనా? మల్ల ఆటలాడుతున్నవా?"

"చెల్లె అన్నడు నిన్ను."

లేచి కూర్చుంది. అన్నదమ్ములు లేని మనిషి. తర్వాత —

"ఏవీ, ఆ నీళ్లియ్యి."

23 జూన్, శుక్రవారం.

సుశీల కడుపులో నీళ్లు నిలుస్తున్నాయి. మధ్యాహ్నం సజ్జరొట్టె ముక్క తింది. రెండు రొట్టెలు, పల్లీల పొడి గుడ్డలో కట్టి నా చేతికిచ్చింది.

"అన్నకియ్యి. ఇంజన్ కాడ పనిజేసెటోళ్లకు ఆకలెక్కువుంటది."

పోయి వచ్చాను. పొడిలో ఉప్పు తక్కువైందన్నాడని చెప్పాను. మురిసిపోయింది. "సూడు, కడుపుల ఏం దాసుకోడు, ఉన్నదున్నట్టు జెప్తడు."

ఇరవై నాలుగేళ్లలో నేను ఉప్పు తక్కువంటే ఒక్కసారి మురిసిందా!

24 జూన్, శనివారం.

కాగితం మీద కలం నిలవడం లేదు. కిటికీ నిండా ఆకాశం — మరుక్షణం కిటికీ నిండా నీళ్లు. కింద ఎక్కడో పళ్లాలు కుప్పకూలిన చప్పుడు. మేస్త్రీలు దేవుళ్లకు మేకలు మొక్కుతున్నారు. ఒక్కో అలకు ఒక్కో మేక. ఈ లెక్కన నాగర్‌కర్నూల్‌లో మేకలు మిగలవు.

ఎవరు చూసినా నన్నే అడగడం. "అన్నా, వనపర్తి సారు ఏమంటుండు?"

"రేపటికి తగ్గుతదంటుండు."

బాలకిష్టయ్య తలూపాడు. "అవ్, నేను గూడ జూసిన పొద్దుగాల. గడ్డమాయన గదా? మంచోడు."

సుశీల నా చెయ్యి పట్టుకుని కునుకు తీసింది. చెయ్యి తిమ్మిరెక్కింది. తీయలేదు.

25 జూన్, ఆదివారం.

తగ్గింది! పచ్చటి కొండలు, నీళ్లలోనుంచి మొలిచినట్టు.

దిగేటప్పుడు సుశీల మెట్ల దగ్గర ఆగిపోయింది. "అన్నను సూసి పోత."

"డ్యూటీల ఉన్నడే. ఇంజన్ ఇడిసి రానియ్యరు."

కిందికి పోయే మెట్ల వైపు తిరిగి రెండు చేతులెత్తి దండం పెట్టింది. నేను మూటలు సర్దుతున్నట్టు వంగాను.

26 జూన్, సోమవారం. పోర్ట్ బ్లెయిర్.

రాధ బాగుంది. కడుపు కిందికి జారింది, ఇంకో వారమేనట. సుశీల వచ్చిన గంటకే వంటింటిని స్వాధీనం చేసుకుంది. శొంఠి వాసన. ఓడలో గోడ వైపు తిరిగిన మనిషి ఈమేనా?

భోజనాల దగ్గర అల్లుడు తిరుగు టికెట్ల మాట ఎత్తాడు.

సుశీల: "మా అన్న పనిజేసే ఓడైతెనే ఎక్కుత. లేకుంటె గీన్నే ఉంట."

రాధ: "అమ్మా, బిడ్డను తొట్లెల ఏసేనాటికి మామను పిలుద్దమే! ఓడ గీడికే వస్తది గద."

సుశీల కళ్లు ఎలా వెలిగాయో! వదినెకు పెట్టడానికి చీర కూడా అనుకుంది అప్పుడే — నేను సగంలో ఆపి వచ్చిందే, నా మగ్గం మీదిది. అల్లుడు రేపు రేవుకు పోయి కనుక్కుంటానన్నాడు. పేరు, ఊరు చీటీ మీద రాసిమ్మన్నాడు. రాసిచ్చాను. నా చేత్తో. వెంకటయ్య, వనపర్తి.

చీటీ అల్లుడి చొక్కా జేబులో ఉంది. చొక్కా కొయ్యకు ఉంది. నాకు అందేంత దూరంలోనే... లోపల సుశీల రాధకు అన్న ముచ్చట్లు చెబుతోంది, నేను చెప్పనివి కూడా. చెయ్యి లేవడం లేదు.

ఇక నిజం రాస్తాను. ఇంజన్ గదిలో వనపర్తి మనిషి ఎవరూ లేడు. ఆ గది తలుపు దాకా కూడా నేను పోలేదు. ఆ సాయంత్రం మెట్ల మీద కూలబడి, ఇత్తడి కడ్డీని రెండు చేతులా పట్టుకుని కళ్లు మూసుకున్నాను, అంతే. రొట్టెలు నేనే తిన్నాను — కక్కుకుంటే అవీ చేపలకే పోయాయి. ఉప్పు తక్కువన్నది మాత్రం నిజం. బాలకిష్టయ్య ఎవరిని చూశాడో ఆయనకే తెలియాలి.

ఈ పుస్తకంలో కూడా అతను ఉన్నట్టే రాశాను. లేడని రాసుకుంటే, మళ్లీ సుశీల ముందుకు పోయి "మునగదంటుండు" అనడానికి నాకు నోరు వచ్చేది కాదు.